రాబిన్సను నవలలు: వ్రాసిన పుటను మరల చదువుట

కవిత్వము నేర్పిన వచ్చునదియా, పుట్టుకతో వచ్చునదియా యను ప్రశ్న మన దేశమున క్రొత్తది కాదు. మన యాలంకారికులు దీనిని వేయి సంవత్సరములకు పూర్వమే తర్కించి యున్నారు. ప్రతిభ లేనిదే ఉత్తమకావ్యము పుట్టదని యొప్పుకొనిన వారు పెక్కండ్రు గలరు గాని, ప్రతిభ యొక్కటియే చాలునని చెప్పినవా రరుదు. సహజప్రతిభ కొఱవడినను, విద్యచేతను యత్నముచేతను వాగ్దేవి నుపాసించువానికి కొంత యనుగ్రహము దొరకకపోదని దండి ధైర్యము చెప్పెను. మమ్మటుడు శక్తిని, లోకమును కావ్యశాస్త్రములను పరిశీలించుటవలన గలుగు నైపుణ్యమును, కావ్యజ్ఞులయొద్ద శిక్ష పొంది చేయు నభ్యాసమును మూడింటిని గలిపి యొక్క కారణముగా నెంచెను. రాజశేఖరుడు కావ్యమీమాంసలో మఱికొంత ముందునకు బోయి కవియొక్క దినచర్యనే నిర్ణయించెను. ఉదయమున వ్రాసినదానిని పగటి నాలుగవ జామున ఒంటరిగానో, కొలదిమంది మిత్రులతో గూడియో పరీక్షింపవలెనట. రసావేశముతో వ్రాయునపుడు వివేచనదృష్టి యుండదు. కావున ఆవేశము చల్లాఱిన పిమ్మట తన వ్రాతను తానే పరాయివానివలె జూచుకొనవలెనని యాతని తాత్పర్యము. పురుషులవలెనే స్త్రీలును కవులు కావచ్చుననియు, సంస్కార మాత్మకు సంబంధించినదే గాని స్త్రీపురుషభేదము నపేక్షింపదనియు ఆ గ్రంథముననే చెప్పి, తన యిల్లాలగు అవంతిసుందరి యభిప్రాయములను పేరుతో సహా ఉదాహరించెను.

ఈ పాతమాటల నిప్పుడు జ్ఞాపకము చేయుటకు కారణ మొక యమెరికాదేశపు నవలాకర్త్రి. ఆమె పేరు మారిలిన్ రాబిన్సను. ఇరువదియైదు సంవత్సరములు కథలు వ్రాయుట నేర్పు విద్యాలయమున గురుపీఠ మధిష్ఠించి, ఆ కాలముననే తన నవలలలో ముఖ్యమైనవానిని వ్రాసిన విదుషీమణి. ఆ దేశమున రచన నేర్పు కళాశాలలు విస్తారముగా వెలసినవి. వానిని పరిహసించువారును గలరు. అచ్చట చదివినవారి కథలన్నియు నొక్క మూసలో బోసినట్లుండుననియు, గురువులు జీతమునకై పాఠములు చెప్పి తమ రచనను పాడుచేసికొందురనియు వారందురు. ఈ యాక్షేపణ పూర్తిగా నిరాధారము కాదు. కాని రాబిన్సను జీవితమును, ఆమె వ్రాసిన యైదు నవలలను చూడగా వేఱొక సమాధానము దోచుచున్నది. ప్రతిభను నేర్పలేము. నేర్పదగినది నాలుగవజాము చూపు. ఆమె దానిని శిష్యులకు నేర్పుటయే గాక, తన పుటమీదనే మరలమరల ప్రయోగించెను. సంఘసంస్కార మభిలషించు గృహస్థులకు ఆమె పుస్తకములలో ముఖ్యమైన పాఠమొకటి కలదని మేము తలచుచున్నాము. ఈ వ్యాసమున దానినే విశదీకరింప యత్నించెదము.

రాబిన్సను 1943వ సంవత్సరము నవంబరు 26వ తేదీన ఐడహో రాష్ట్రమునందలి సాండ్‌పాయింటను పట్టణమున జన్మించెను. అది కొండలు, అడవులు, లోతైన సరస్సు గల ప్రదేశము. తండ్రి కలపకంపెనీలో నుద్యోగి. ఆమె బ్రౌను విశ్వవిద్యాలయమునకు జేరిన పెంబ్రోకు స్త్రీకళాశాలలో చదివి 1966లో పట్టము పొందెను. పిదప 1977లో వాషింగ్టను విశ్వవిద్యాలయమున షేక్‌స్పియరు వ్రాసిన ‘ఆఱవ హెన్రీ’ నాటకముల రెండవభాగముపై పరిశోధనచేసి డాక్టరు బిరుదము నందెను. ఆ సిద్ధాంతవ్యాసము వ్రాయుచున్న దినములలోనే ఆమె కథయు లేక, పాత్రలును లేక, కేవలము కొన్ని యుపమలను రూపకములను విడివిడి కాగితములపై వ్రాసి సొరుగులో వేయుచుండెనట. చదువు ముగిసిన తరువాత వానినన్నిటిని బయటికి దీసి యొక్కచోట జదువగా, అవి యొకదానితో నొకటి ముడివడి యున్నట్లు కానవచ్చెను. ఆ కాగితములనుండియే మొదటి నవల పుట్టినది. రాజశేఖరుని నాలుగవజామునకు ఇంతకంటె చక్కని యుదాహరణము దొరకదు.

ఆ నవలపేరు ‘హౌస్‌కీపింగు’. గృహనిర్వహణ మని దాని యర్థము. 1980లో వెలువడినది. ఫింగర్‌బోన్ అను సరస్సుతీరపు ఊరిలో రూతు, లుసీలు అను నక్కచెల్లెండ్రు. వారి తాత యెక్కిన రైలు వంతెనమీదనుండి సరస్సులో బడిపోయినది. కొన్ని సంవత్సరములకు తల్లి పిల్లలను పుట్టినింటి వసారాలో గూర్చుండబెట్టి, తాను మోటారుకారుతో ఆ సరస్సులోనికే పోయినది. అమ్మమ్మ కొంతకాలము పెంచి మరణించినది. తరువాత అమ్మమ్మ ఆడుబిడ్డలు వచ్చి, పిల్లలకు భయపడి, వెడలిపోయిరి. తుద కూరూర తిరుగు పినతల్లి సిల్వీ వచ్చి గృహభారము వహించినది. ఈమె గృహనిర్వహణ మెట్టిదనగా, దీపము వెలిగింపక చీకటిలో భోజనము. ఖాళీడబ్బాలు, పాతపత్రికలు గదినిండ పేర్చుట. తలుపులు తెఱచియుంచి ఆకులను గాలిని లోపలికి రానిచ్చుట. లుసీలు దీనిని భరింపలేక, గృహవిజ్ఞానము బోధించు నుపాధ్యాయురాలి యింటికి బోయి చేరినది. రూతు సిల్వీతోనే యుండినది. ఊరిపెద్దలు రూతును విడదీయబోగా, వారిరువురు ఇంటికి నిప్పుపెట్టి, చీకటిలో రైలువంతెన దాటి వెళ్లిపోయిరి.

మన పత్రికలలో గృహిణీధర్మమును గూర్చిన వ్యాసములకు కొదువ లేదు. అట్టివి చదువుటకు అలవాటుపడిన మనకు ఈ పుస్తకము మొదట కష్టము కలిగించును. రచయిత్రి సిల్వీని మెచ్చుకొనదు, నిందింపదు. లుసీలు చేసినదియు తప్పనదు. ఊరిపెద్దలు క్రూరులు కారు. వారు పిల్లకు మంచి చేయవలెననియే వచ్చిరి. అయినను ఆ మంచివారి రాక చూచి మన గుండె దడదడ కొట్టుకొనును. ఇల్లనగా గోడలును శుభ్రతయు మాత్రమేనా, లేక విడువని తోడా యను ప్రశ్నను ఆమె మనయెదుట బెట్టి, జవాబు చెప్పక తప్పుకొనినది. ఈ పుస్తకమునకు తొలినవలల కిచ్చు హెమింగ్వే బహుమానము వచ్చినది. 1987లో చలనచిత్రమును తీసిరి.

తరువాత జరిగినదే విశేషము. ఇట్టి కీర్తి వచ్చిన పిమ్మట ప్రకాశకులు త్వరపెట్టక మానరు. చదువరులు మఱచిపోవుదురేమోయను భయమును వెంటాడును. రాబిన్సను 24 సంవత్సరములు రెండవ నవల ప్రకటింపలేదు. ఊరకుండెనా యనిన నదియు లేదు. ఇంగ్లాండులో కొంతకాలముండి, ఐరిషు సముద్రతీరమునందలి సెల్లాఫీల్డు అణుకర్మాగారము కల్మషమును సముద్రములోనికి విడుచుటను విచారించి, 1989లో ‘మదర్ కంట్రీ’ యను తీవ్రమైన గ్రంథము వ్రాసెను. దానిపై బ్రిటనులోని గ్రీన్‌పీసు సంఘమువారు పరువునష్టపు దావా వేసిరి. పుస్తకమును మార్చుట కామె యంగీకరింపలేదు. 1998లో ‘ది డెత్ ఆఫ్ ఆడమ్’ అను వ్యాససంపుటము వెలువడెను. చదువకయే తిట్టబడుచున్న పాతగ్రంథములను తిరిగి తెఱచి, మూలమునే చదువుడని యా వ్యాసముల సారాంశము. ఈ నడుమ 1991లో ఆమె అయోవా విశ్వవిద్యాలయపు రచనాశాలలో నుపాధ్యాయినిగా బ్రవేశించి 2016లో విరమించువఱకు అచ్చటనే యుండెను.

ఆ రచనాశాలనుగూర్చి రెండు మాటలు. దానిని అయోవా రైటర్సు వర్కుషాపందురు. 1936లో విల్బరు ష్రామ్ అను నాయన నాయకత్వమున నారంభమైనది. విద్యార్థు లచ్చట రెండుసంవత్సరము లుందురు. ఒకరు వ్రాసిన కథను ప్రతులు తీసి ముందుగానే అందఱికి బంచిపెట్టుదురు. అందఱును చదివివచ్చి, బల్లచుట్టు గూర్చుండి, దాని గుణదోషములను విచారింతురు. వ్రాసినవాడు సాధారణముగా నోరు మెదపక వినవలెను. గురువు ఆ విచారణకు అధ్యక్షత వహించును. చూచుటకిది చిన్నపనివలె దోచును గాని, నలుబదిమంది విద్యార్థుల వ్యాసములను వారమువారము దిద్దు మావంటివారికి దాని కష్టము తెలియును. రాజశేఖరుడు భావకులను, అనగా విమర్శకులను, నాలుగు తెగలుగా విభజించెను: ఏదియు రుచింపనివాడు, గడ్డితో గూడ నన్నియు మ్రింగువాడు, అసూయాపరుడు, తత్త్వమును బట్టుకొనువాడు. మొదటి ముగ్గురు ప్రతి తరగతిలోను నుందురు. నాలుగవవానిని తయారుచేయుటయే గురువు పని.

రాబిన్సను దీనిని సాధించెనా యనుటకు శిష్యులే సాక్షులు. పాల్ హార్డింగు అను నాతడు సంగీతబృందములో డ్రమ్ములు వాయించువాడు. వేసవితరగతి యొకదానిలో ఆమె పాఠము విని, తరువాత అయోవాలో చదివెను. ఆతని ‘టింకర్సు’ అను నవలను పెద్దప్రకాశకు లెవ్వరును తీసికొనలేదు. 2009లో నొక చిన్నముద్రణసంస్థ ప్రకటించెను. 2010లో దానికి పులిట్జరు బహుమానము వచ్చెను. గడియారములు బాగుచేయు వృద్ధుడు మరణశయ్యపై నుండి తండ్రిని స్మరించుకొనుట అందలి కథ. అయానా మాథిసు మఱియొక శిష్యురాలు. ఆమె 2012లో ప్రకటించిన ‘ది ట్వెల్వ్ ట్రైబ్స్ ఆఫ్ హాటీ’ యను నవలలో, దక్షిణరాష్ట్రమగు జార్జియానుండి ఫిలడెల్ఫియాకు వచ్చిన యొక నల్లజాతి తల్లియొక్క యు, ఆమె సంతానముయొక్కయు వృత్తాంతము గలదు. ఈ రెండు పుస్తకములకు పోలిక లేదు. రెంటికిని గురువు పుస్తకములతోను పోలిక లేదు. ఒక్క మూస యను నాక్షేపణ కిదియే సమాధానము. శిష్యుని చేత తన యక్షరములు దిద్దించువాడు సామాన్యగురువు. శిష్యుని యక్షరమును శిష్యునికే స్పష్టముగా జూపువాడు సద్గురువు.

ఇక ఆమె ముఖ్యకృతులకు వత్తము. 2004లో ‘గిలియడ్’ వెలువడినది. దానికి 2005లో పులిట్జరు బహుమానము వచ్చినది. దాని వెనుక నిజమైన చరిత్ర యున్నది. అయోవా రాష్ట్రపు నైరృతిమూలను టేబరను చిన్న యూరు గలదు. బానిసత్వమును రూపుమాపవలెనను దీక్షతో వచ్చిన క్రైస్తవసంఘమువారు 1850ల నాటికి దానిని స్థాపించిరి. పారిపోయివచ్చిన బానిసలను దాచి యుత్తరమునకు దాటించుటకు అది యొక మజిలీ. జాన్ టాడ్ అను పాదిరి యింటినేలమాళిగలో, 1859లో ఉరిదీయబడిన జాన్ బ్రౌను తుపాకులు దాచిరి. ఈ టేబరును మాదిరిగా గొనియే రాబిన్సను గిలియడను కల్పితగ్రామమును నిర్మించినది.

కథాకాలము 1956. జాన్ ఏమ్సు అను పాదిరికి డెబ్బదియాఱేండ్లు, గుండెజబ్బు. మొదటిభార్యయు శిశువును చనిపోయిన పిదప చిరకాల మొంటరిగా గడిపి, వార్ధక్యమున రెండవ వివాహము చేసికొనినాడు. ఏడవయేడు నిండబోవు కుమారుడు పెద్దవాడైనపుడు చదువుకొనుటకై వ్రాయుచున్న యుత్తరమే ఈ నవల. ఇందు మూడుతరములవారు గలరు. పితామహుడు జాన్ బ్రౌనుతో గూడి బానిసత్వముపై యుద్ధము చేసి, ఒక కన్ను పోగొట్టుకొనినవాడు. ఇంటిలోనిది గంపతో నెత్తి బీదలకిచ్చివేయు మహోద్రేకి. తండ్రి ఆ రక్తపాతమును జూచి రోసి యుద్ధవిరోధి యైనవాడు. మనుమడగు ఏమ్సు శాంతుడు, దయాళువు, పండితుడు. పిల్లవాడు నీటితుంపరలలో నాడుకొనుటయు, ఉదయపు వెలుగు గోడపై బడుటయు జూచి కృతజ్ఞతతో కన్నీరు నింపుకొనును. ఇంతటి సజ్జనుని నవలలలో మేమఱుదుగా జూచితిమి.

ఆ సజ్జనుని లోపమును రచయిత్రి యెట్లు చూపినదో గమనింపుడు. గిలియడులో నొకప్పుడు నల్లజాతివారి చర్చి యొకటి యుండెను. దానికెవరో నిప్పుపెట్టిరి, తరువాత వారందఱు ఊరువిడిచి చికాగో వెళ్లిపోయిరి. పోవునపుడు వారి పాదిరి తమ చర్చిముంగిట నున్న లిల్లీమొక్కలను పెల్లగించి తెచ్చి ఏమ్సు చేతిలో బెట్టెను. ఆ మొక్కలు పెరిగి ఏమ్సు చర్చిముందు వరుసగా బూయుచున్నవి. అవి యెక్కడివో ఊరిలో నెవ్వరికిని తెలియదు. చెప్పవలెనని ఏమ్సు అనుకొనుచునే యుండెను. అది చిన్న నిప్పేననియు, పెద్దనష్టము కాలేదనియు నాతడు తలచును. బానిసల విముక్తికై కన్నిచ్చిన తాతకు మనుమడీతడు! ఇచ్చట రచయిత్రి యొక్క మాటయైన వ్యాఖ్యానింపలేదు. ఏమ్సు ఆ సంగతిని రెండుమూడు వాక్యములలో జెప్పి, వేఱొక విషయమునకు బోవును. త్వరగా చదువువాడు దానిని దాటిపోవును. దాటిపోవుటయే ఆ యూరి నేరమని, పుస్తకము ముగించిన పిదపగాని మనకు తట్టదు.

ఎట్లు తట్టుననగా: ఏమ్సు ప్రాణమిత్రుడగు బౌటను పాదిరి కుమారుడు జాక్ ఇరువదియేండ్లకు ఇల్లు చేరినాడు. యౌవనమున నొక పేదపిల్లకు బిడ్డను కలిగించి విడిచిపోయిన దుష్టుడని ఏమ్సున కాతనిపై ద్వేషము. తుదకు జాక్ తన రహస్యము బయటపెట్టును. ఆతని భార్య డెల్లా నల్లజాతి స్త్రీ. వారి కొక కుమారుడు. మిస్సోరి రాష్ట్రమున అట్టి వివాహము చెల్లదు. అమెరికా యున్నతన్యాయస్థాన మట్టి శాసనములను కొట్టివేసినది 1967లో గదా. భార్యను బిడ్డను తీసికొని గిలియడులో కాపురముండవచ్చునా యని తెలిసికొనుటకే జాక్ వచ్చినాడు. బానిసత్వమును ద్వేషించినవారు కట్టిన యూరు, అచ్చటగాక మఱెచ్చట? కాని ఏమ్సు నిశ్చయముగా ‘రమ్ము’ అనలేకపోయెను. బస్సెక్కుచున్న జాక్ తలపై చేయియుంచి యాశీర్వదించెను. ఆ యాశీర్వాద మెంత నిజమైనదో, ఎంత చాలనిదో రెండును మనకు దెలియును.

ఇంకొకరైనచో ఇంతటితో కలము పెట్టియుందురు. రాబిన్సను ఇచ్చటనే తన గురుధర్మమును తన పుటపై ప్రయోగించినది. తరగతిలో నొక కథ చుట్టును పదిమంది కూర్చుండి ‘ఈ మాట వీరికెట్లు వినబడును? ఆ మూలనున్నవారి మాట యేది?’ యని విచారింతురు గదా. ఆమెయు అట్లే విచారించి, 2008లో ‘హోమ్’ వ్రాసినది. అదే వేసవి, అదే యూరు. కాని ఇప్పుడు బౌటను ఇల్లు, ఆతని కుమార్తె గ్లోరీ కన్నులు. గ్లోరీ ముప్పదియెనిమిదేండ్లది; ఉపాధ్యాయిని; వివాహితుడైన వానిచే వంచింపబడి, ముసలితండ్రికి వండిపెట్టుటకు ఇల్లు చేరినది. ఏమ్సు ఉత్తరములో వాకిటివద్ద కనబడి మాయమగు నీ స్త్రీ, ఇచ్చట వంటయింటిలో నిలిచి తండ్రి యలుకలను, అన్న దుఃఖమును మోయును. టెలివిజనులో మాంట్‌గొమరీ పట్టణపు నల్లజాతివారి యాందోళనము చూపుచుండగా జాక్ ముఖము పాలిపోవును. ముసలి బౌటను ఈ గొడవ కొలదిదినములలో నెవరికిని జ్ఞాపకముండదని తేలికగా ననును. ఆతడు తన కుమారునికై ఇరువదియేండ్లు ప్రార్థించిన తండ్రి. తన మనుమనినే తాను త్రోసివేయుచున్నానని యెఱుగడు. జాక్ వెడలిన పిదప డెల్లా కొడుకుతో వాకిటికి వచ్చి, చీకటిపడకముందే ప్రమాదముగల యూళ్లను దాటవలెను గనుక నిలువక వెళ్లిపోవును. అప్పుడు గ్లోరీకి సత్యము బోధపడును. ఆ బాలు డెప్పుడో యొకనాడు తండ్రి యింటిని వెదకికొని వచ్చును. అప్పటికి ఈ ఇల్లు ఇట్లే యుండవలెను. దానిని తాను కాపాడవలెను. మొదటి నవలలోని గృహనిర్వహణ మను మాటకు ఇరువదియెనిమిదేండ్ల తరువాత దొరకిన యర్థమిది. ఈ పుస్తకమునకు 2009లో ఆరెంజి బహుమానము వచ్చినది. నాలుగింటిలో దీనినే మేము శ్రేష్ఠమని యెంచెదము.

2014లో వచ్చిన ‘లైలా’ ఏమ్సు రెండవభార్య కథ. మొదటి పుస్తకమున నామె మితభాషిణియగు ఇల్లాలు. ఎక్కడనుండి వచ్చెనో భర్త యడుగడు. ఇందు తెలియును: పసితనమున డాల్ అను పేదరాలు ఆమెను నిర్దయులగువారి యింటిమెట్లపైనుండి యెత్తుకొనిపోయి, కూలివాండ్ర గుంపుతో తిరుగుచు బ్రతికించినది. ఒక్కయేడు బడి, ఆమెకు ఇంటిపేరు గూడ ఉపాధ్యాయిని పొరపాటున వ్రాసినదే. పెద్దదై గిలియడు చేరి, చర్చినుండి బైబిలు తస్కరించి, వ్రాతపుస్తకములో ఒక్కొక్క వాక్యము పదిమారులు దిద్దుచు అక్షరములు నేర్చుకొనును. పాఱవేయబడిన శిశువును గూర్చిన యెహెజ్కేలు ప్రవక్త వాక్యములు ఆమె కంటబడును; అవి తన కథయేయని గ్రహించును. బాప్తిస్మము పొందినవారికే పరలోక మనగా, తన్ను పెంచిన డాల్ అచ్చట నుండదేమోయని నదికి బోయి ఆ బాప్తిస్మమును కడిగివేసికొనును. పండితుడగు భర్త యొకజీవితకాలము చదివిన గ్రంథమున జూడని ప్రశ్నను, అక్షరములు దిద్దుకొనుచున్న భార్య చూచినది. స్త్రీవిద్యనుగూర్చి యుపన్యాసముల కంటె ఈ ఘట్టము బలమైనది.

2020లో నాలుగవది ‘జాక్’. సెయింట్ లూయిసు నగరమున జాక్, డెల్లాల ప్రేమ. శ్మశానవాటికలో ద్వారములు మూయబడి, ఇరువురు రాత్రియెల్ల మాటలాడుట ఆరంభఘట్టము. డెల్లా నల్లజాతి పాఠశాలలో నింగ్లీషు ఉపాధ్యాయిని. మెంఫిసులో బిషప్పు కుమార్తె. ఇందు మా యసంతృప్తిని దాచము. మూడు నవలలనుండి డెల్లాకై ఎదురుచూచితిమి. ఆమె వచ్చినది గాని, కథ యంతయు జాక్ మనస్సునుండియే నడచును. ఈ వివాహమువలన ఉద్యోగమును, పరువును, తండ్రి యనుగ్రహమును, స్వేచ్ఛను గూడ పోగొట్టుకొనుచున్నది డెల్లా. ఆమె రాత్రి గదిలో నొంటరిగా గూర్చున్నప్పుడు ఏమనుకొనినదో మనకు తెలియనేలేదు. ఏమ్సు చూడనిది గ్లోరీ చూచినది; గ్లోరీ చూడనిది లైలా చూచినది; డెల్లా చూచినదెవరు వ్రాయవలెను? ఒక్కొక్క పుస్తకముతో నొక్కొక్క యడుగు ముందుకు వేసిన రచయిత్రి ఈ గడపవద్ద నాగినదని మా యభిప్రాయము. పరజాతిస్త్రీ మనస్సును తానెట్లు వ్రాయుదునను వినయమే యిందులకు కారణమన్నచో, ఆ వినయమును గౌరవింతుము గాని లోపము లోపమే. ఇదిగాక, ఆమె నవలలలో మతచర్చ మెండు, కథ మందగమనము. ఘటనల కాశపడువారు వానిని సగములోనే మూసివేయుదురు.

అయినను ఈ నాలుగు పుస్తకములను గలిపి చూచినపుడు కలుగు గౌరవము చిన్నది కాదు. 2012 సంవత్సరపు జాతీయ మానవశాస్త్రపతకము, 2016లో కాంగ్రెసు గ్రంథాలయపు నవలాబహుమానము ఆమెకు లభించినవి. 2015లో దేశాధ్యక్షుడుగా నున్న ఒబామా తానే ప్రశ్నలడుగువాడై ఆమెతో సంభాషించి, దానిని పత్రికలో ప్రకటింపనిచ్చెను. 2024లో ఆదికాండమును దిరిగి చదివి యొక గ్రంథము వ్రాసెను. ఎనుబదియేండ్ల వయస్సునను ఆమె పని మరల చదువుటయే.

సంస్కారమునకు శత్రువులు దుర్జనులని మనము వాడుకగా ననుకొందుము. రాబిన్సను చెప్పునది వేఱు. తాతలు సంస్కరించిన యింటిలో పుట్టి, ఆ కీర్తి తమదేయని నెమ్మదిగా నుండు సజ్జనులకే ఆమె ఈ నాలుగు పుస్తకములు వ్రాసినది. గోడపై వీరేశలింగముపంతులుగారి పటమున్న యిండ్లకు ఈ మాట వర్తింపదని చెప్పజాలము.

కొన్ని యేండ్ల క్రిందట మా తరగతిలో ‘మా యిల్లు’ అను విషయముపై వ్యాసము వ్రాయించితిమి. ఒక బాలిక తన యింటిని చక్కగా వర్ణించి, నడుమ నొక వాక్యము వ్రాసినది: పనిమనిషి కాఫీ త్రాగు గ్లాసు పెరటిగూటిలో వేఱుగా నుండుననియు, దానిని మఱెవ్వరును ముట్టరనియు. మే మా వాక్యము క్రింద ఎఱ్ఱసిరాతో గీతగీసి, ‘అప్రస్తుతము’ అని వ్రాసి, వ్యాసమునకు మంచి మార్కులే వేసితిమి. ‘గిలియడ్’లో లిల్లీమొక్కల ఘట్టము రెండవసారి చదువుచుండగా ఆ యెఱ్ఱగీత జ్ఞాపకము వచ్చినది. ఆ వ్యాసమున ప్రస్తుతమైన వాక్య మదియొక్కటియే. అట్టి గ్లాసు మా పెరటిగూటిలోను నుండెడిది. ఇప్పుడు లేదు, కాని దానిని లోపలికి దెచ్చినవారము మేము కాము, మా యింటి యిల్లాలు. ఎప్పుడు తెచ్చినదో మేము గమనింపనేలేదు.

ఆ బాలిక చదువు ముగించి వెళ్లిపోయినది. ఆ పుటను తిరిగి దిద్దుటకు వీలులేదు. తరువాతి తరగతులవారి వ్యాసములు మాత్రము బల్లపై నున్నవి. వానిని మునుపటికంటె మెల్లగా చదువుచున్నాము.